ట్రాక్ మీదికి పరుగెత్తిన మా మమ్మీ

రేసింగ్‌లో నా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. "రేసు నడుస్తుండగా ట్రాక్ మీదికి పరుగెత్తిందే ఒకావిడ, ఆవిడ కూతురు" అంటే మాత్రం చెన్నై నుంచి ఢిల్లీ దాకా ప్రతి మెకానిక్కూ "అచ్ఛా, ఆవిడా!" అంటాడు. మన దేశంలో రేసింగ్ ఒక చిన్న ఊరు. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు. ఇన్నేళ్ళు కార్లు నడిపి నేను తెచ్చుకోలేని పేరు మమ్మీ ఒక్క పరుగుతో తెచ్చుకుంది. ఈ మాట నేను నవ్వుతూనే చెప్తాను. నవ్వుతూ చెప్పడం అలవాటు చేసుకున్నాను. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోతుంటాను, అదీ జనం అనుకునే కారణానికి కాదు.

మమ్మీ నర్సు. బాపట్ల పక్క నుంచి పెళ్ళికి ముందే ఢిల్లీ వచ్చేసింది. ఫరీదాబాద్‌లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో చేరి, రిటైరయ్యేదాకా అందులోనే ఉంది. డాడీ అక్కడే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నాకు బడిలో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లో మమ్మీ తెలుగులో ఏదైనా అడిగితే దానికి జవాబు కూడా హిందీనే. తెలుగు చదవడం మాత్రం బైబిలు ముందు పెట్టుకుని మమ్మీ నేర్పింది. అందుకే నా తెలుగులో అక్కడక్కడా పాతవాసన వస్తుందంటారు. రానివ్వండి.

రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో మాటలన్నీ యాక్సిడెంట్లే. ఎవరికి కాలు విరిగింది, ఎవరికి తల పగిలింది. వాటన్నిటి చివరా మమ్మీ ఒకే మాట అనేది: "తీసుకొచ్చినోళ్ళని మీరేమవుతారండీ అని అడుగుతాం గదా. ఒకడు ఆటోవాడు, ఒకడు కూరగాయల బండివాడు. గుద్దినోడు మాత్రం ఒక్కనాడూ రాడు." అన్నంలో చారు పోసుకుంటూ ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విని విని, ఫ్యాను చప్పుడులా అది వినబడటం కూడా మానేసింది.

రేసింగ్‌లోకి నేను గురుగ్రామ్ ఆఫీసు నుంచి వచ్చాను. టీమ్ అవుటింగ్ పేరుతో గో-కార్ట్‌లు నడపడానికి తీసుకెళ్ళారు. మా మేనేజర్‌ని రెండుసార్లు దాటేశాను. అప్రైజల్‌లో దానికి తగిన ఫలితం దక్కింది గాని, ఆ సాయంత్రం క్యాబ్‌లో ఇంటికొస్తూ నా చేతులు ఇంకా లేని స్టీరింగుని తిప్పుతూనే ఉన్నాయి. కోపం ముక్కు మీద ఉండే మనిషిని నేను. ఆ కోపానికి ఒక స్టీరింగు, నాలుగు చక్రాలు దొరకడం అదే మొదటిసారి. తర్వాత ఆడవాళ్ళ కోసం పెట్టిన ఎంపికలకి వెళ్ళాను, నెగ్గాను, ఉద్యోగం మానేశాను. డాడీ చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. మమ్మీ మాత్రం "బెల్టు పెట్టుకుంటారా అందులో?" అని ఒక్కటే అడిగింది. ఆరు చోట్ల కడతారని చెప్తే స్థిమితపడింది.

ప్రొఫెషనల్ రేసర్ అనగానే జనం ఏదేదో ఊహించుకుంటారు. ఏడాదిలో నిజంగా రేసు చేసేది కొన్ని వారాంతాలే. మిగతా రోజుల్లో కార్ల కంపెనీలు పెట్టే ఈవెంట్లలో పెద్దమనుషుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, కారు గిర్రున తిప్పి, వాళ్ళ చేత కెవ్వున కేక పెట్టించి దింపేయడమే మా బతుకుతెరువు. దిగాక సెల్ఫీ. "లేడీ అయ్యుండి ఎంత బాగా నడుపుతారండీ!" ఆ మాటకి మొదట్లో మండిపోయేదాన్ని, తర్వాత్తర్వాత పళ్ళు కనబడేలా నవ్వడం నేర్చుకున్నాను.

రేసుకి ముందు ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవుల వేళ మమ్మీ లేచి నిలబడేది. "మా పాప రేసుకి పోతోంది. క్షేమంగా పోయి క్షేమంగా రావాలని ప్రార్థన చెయ్యండి." గెలవాలని ఏనాడూ అడగలేదు. ఒకసారి నేనే విసుక్కున్నాను, గెలిపించమని అడగొచ్చు కదా అని. "వెనకొచ్చేవాళ్ళ అమ్మలు మరేమడగాలి పాపా?" అంది. తర్వాతి ఆదివారం మళ్ళీ లేచి సాక్ష్యం చెప్పేది. చర్చికి వెళ్ళనివాళ్ళ కోసం చెప్తున్నాను, మాలో సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో నలుగురిలో లేచి చెప్పడం. కొందరు ఉన్నదానికి కాస్త ఉప్పూకారం దట్టించి చెప్తారు. మమ్మీకి అది చేతకాదు. "మా పాప పదకొండో స్థానంలో వచ్చింది. దేవునికి స్తోత్రం." వెనక బెంచీలో మా ఈడు పిల్లలు కిసుక్కుమంటుంటే నేను పాటల పుస్తకంలో తల దూర్చేసేదాన్ని.

ట్రాక్‌కి మమ్మీ వస్తానంటే కూడా నాకు చిన్నతనంగానే ఉండేది, దాచడమెందుకు. మిగతా రేసర్ల అమ్మలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఏసీ గదిలో కాఫీ తాగుతుంటారు. మా అమ్మ నేత చీర మీద తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని, టిఫిన్ క్యారేజీలో కోడివేపుడు పట్టుకుని మెకానిక్కుల మధ్య తిరుగుతుంది. ఒకసారి ప్రార్థన నూనె తెచ్చి కారు బానెట్ మీద వేలితో సిలువ గీసింది. నేను అందరి ముందూ గుడ్డ తీసుకుని బరబరా తుడిచేశాను. ఆ పక్కనే మా మెకానిక్ కట్టిన నిమ్మకాయా మిరపకాయల దండ వేలాడుతోంది. దాన్ని మాత్రం నేను ముట్టుకోలేదు.

ఇక అసలు సంగతి. ఆ ఏడు చివరి రేసు నోయిడా దాటాక ఉండే ట్రాక్‌లో పడింది. మా టీమ్‌లో ఇద్దరం, నేనూ, కోయంబత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడూ. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న, నెమ్మదైనవాడు, నన్ను దీదీ అని పిలిచేవాడు. తర్వాతి ఏడాది పై తరగతి రేసులకి టీమ్ ఒక్క కారే దింపుతుందని, ఈ రేసులో మా ఇద్దరిలో ఎవరు ముందుంటే వాళ్ళకే ఆ సీటని మా టీమ్ ఓనరు ముందే చెప్పేశాడు. అతనికి ఇది పోతే ఇంకోటి వస్తుంది. నా వయసుకి ఇదే ఆఖరి మెట్టు. ఇది ఎక్కకపోతే ఇక జీవితమంతా సెల్ఫీలే.

మమ్మీ ఆ రోజు స్టాండ్లో కూర్చోలేదు. ఖాళీ స్టాండ్లో ఎండకి ఒక్కతే ఏం కూర్చుంటుంది? ట్రాక్ పక్కన అంబులెన్సు ఆపే చోట డ్యూటీలో ఉన్న మలయాళీ నర్సుతో మాట కలిపింది. నర్సులు ఎక్కడ కలిసినా అంతే, ఏ ఊరు, ఏ ఆసుపత్రి, ఎన్ని నైట్లు అని మొదలుపెడితే అక్కడితో చుట్టాలైపోతారు. నీడ ఉంది కదా కూర్చోండని ఆ అమ్మాయి కుర్చీ వేసింది. అక్కడ బయటివాళ్ళు ఉండకూడదని ఆ అమ్మాయికి తట్టలేదు, మమ్మీకి తెలియదు.

రేసు చివరికొచ్చేసరికి అతను నా ముందున్నాడు, ఒక కారు దూరం. పొడుగాటి దారి తర్వాత కుడి మలుపు. అక్కడ బ్రేకు ఎక్కడ తొక్కాలో నా కాలికి నిద్రలో కూడా తెలుసు. తొక్కలేదు. అతని కుడిపక్కన సందు ఉందని తర్వాత నేను అందరితో వాదించాను. సందు లేదు. దూరితే నా దారి నాకొస్తుంది, తగిలితే వాడే పోతాడు, అంతే అనుకున్నాను. ఆ వేగంలో ఆలోచించడానికి టైముండదని రేసర్లు చెప్తారు గాని, ఈ మాత్రం అనుకోవడానికి బోలెడు టైముంటుంది.

తగిలింది. అతని కారు గిర్రున తిరిగి కంకరలోకి పోయి టైర్ల గోడని గుద్దుకుంది. నాది అడ్డం తిరిగి మలుపు అంచున ఆగి ఇంజను ఆగిపోయింది. స్టార్ట్ చేద్దామని మీట నొక్కుతున్నాను. అప్పుడు కనబడింది, అంబులెన్సు గేటు తెరుచుకోవడం, అందులోంచి ముందుగా నేత చీరా తెల్లబూట్లూ పరుగెత్తుకు రావడం. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుంది. వెనక కార్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ట్రాక్ కాపలా కాసే మార్షల్స్ ఈలలు వేస్తున్నారు, ఎవరో పిచ్చిగా జెండాలు ఊపుతున్నారు. దేశంలోని రేసింగ్ అంతా చూస్తుండగా మా అమ్మ నన్ను ఎత్తుకోవడానికి వస్తోందనుకున్నాను. రావద్దని లోపలి నుంచే చెయ్యి అడ్డంగా ఊపాను, అరిచాను.

మమ్మీ నా వైపు రానే లేదు. నా కారు ముందు నుంచే, నన్ను దాటుకుని, కంకరలోకి దిగి అతని దగ్గరకి వెళ్ళిపోయింది.

ఎర్రజెండా ఊపి రేసు ఆపేశారు. అతనికి మెడ పట్టేసింది, భుజం కమిలింది, అంతకంటే ఏం కాలేదు. మమ్మీ అక్కడ చేసిన ఘనకార్యం కూడా ఏం లేదు. కిటికీలోంచి అతని చెయ్యి పట్టుకుని "హిల్‌నా మత్ బేటా, హిల్‌నా మత్" అని, కదలొద్దని చెప్తూ నిలబడింది. డాక్టరొచ్చి పక్కకి జరగమంటే జరిగింది. ఆవిడ వెళ్ళకపోయినా అంతా ఇలాగే జరిగేది. పైగా ఏ కారైనా వచ్చి గుద్దేస్తే మమ్మీని మోసుకుపోవాల్సి వచ్చేది. ఆ మాట నేను కారు దిగగానే గొంతు చించుకుని అరిచాను. "ఎవరు రమ్మన్నారు నిన్ను? ఇది మీ ఆసుపత్రి వార్డనుకున్నావా? దేనికీ ఒక రూలుంటుందని తెలీదా?" హిందీలో అరిచాను, అందరికీ అర్థమయ్యేట్టు. మెకానిక్కులు తలలు తిప్పుకున్నారు. మమ్మీ బూట్లలోంచి కంకర దులుపుకుంటూ "సారీ పాపా, తెలీలా" అంది.

కాసేపటికి రేసు పెద్దలు ముగ్గురినీ పిలిపించారు, నన్నూ, అతన్నీ, మమ్మీనీ. తగిలిన సంగతి ఒకటి, మనిషి ట్రాక్ మీదికి రావడం ఒకటి. డ్రైవరు తాలూకు వాళ్ళు ఏం చేసినా బాధ్యత డ్రైవరుదే అని రూలు. తగిలిన సంగతి నాకే అనుకూలంగా తిరుగుతోందని మా ఓనరు అప్పటికే చెవిలో వేశాడు. కెమెరాలో సరిగ్గా కనబడట్లేదట, ఇద్దరి తప్పూ సమానమని తేల్చేసేట్టున్నారట. అలా తేలిస్తే, అతని కారు కంకరలో ఉండిపోయింది, నాది ట్రాక్ మీదే ఉంది కాబట్టి, లెక్కలో నేనే ముందుంటాను.

వరండాలో నడుస్తూ మమ్మీకి పాఠం చెప్పాను. "లోపల సారీ చెప్పు. కంగారులో వచ్చేశానని చెప్పు. కారు ఎలా తగిలిందో నేను చూడలేదని చెప్పు. అంతే."

"చూశాగా పాపా. చూళ్ళేదని ఎట్టా చెప్పేది?"

"మమ్మీ, ప్లీజ్. ఇది చర్చి కాదు."

మమ్మీ నా వెనకే నడిచింది. ఒప్పుకుందనే అనుకున్నాను. అంతమంది పెద్దల ముందు ఏ మాట చెప్పాలన్నది తేల్చేది నేనేనని ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

లోపల ముగ్గురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చున్నారు. మమ్మీకి మర్యాదగా కుర్చీ వేశారు. "మీరు ట్రాక్ మీదికి ఎందుకు వెళ్ళారు మేడమ్?" అని పెద్దాయన అడగ్గానే లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. రెండు చేతులూ ముందు కట్టుకుంది. ఆ నిలబడటం నాకు తెలుసు. ఆదివారం సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడే తీరు అది. నలుగురు కూర్చుని ఏం జరిగిందని అడిగితే, లేచి జరిగింది చెప్పడం ఒక్కటే మమ్మీకి తెలుసు. ఆ గదిలోకి మేమందరం వాదించడానికి వెళ్తామని ఆవిడకి తెలియదు.

"తప్పు నాదే సార్, రాకూడదని తెలియదు, క్షమించండి" అంది తన బాపట్ల యాస హిందీలో. "మా అమ్మాయి ఈ బాబు కారుని గుద్దింది. నేను చూశాను. మా అమ్మాయే గుద్దింది కాబట్టి ముందు నేనే వెళ్ళాలి కదా సార్. అందుకని వెళ్ళాను."

ఆ కుర్రవాడు మెడకి పట్టీతో తల తిప్పలేక నేలకేసి చూస్తున్నాడు. పెద్దాయన నా వైపు తిరిగి, దీనికి నువ్వేమంటావ్ అని అడిగాడు.

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఈవిడకి రేసింగ్ గురించి అక్షరం ముక్క తెలియదు సార్, పెద్దావిడ, బెదిరిపోయింది, ఏం చూసిందో ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలియట్లేదు, దయచేసి పట్టించుకోకండి. గడగడా చెప్పుకుపోయాను. ఇంగ్లీషులో ఎందుకంటే మమ్మీకి అర్థం కాకూడదని. జీవితమంతా మంచాల పక్కన నిలబడి డాక్టర్ల ఇంగ్లీషు విన్న మనిషి, రోగికి తెలియకూడనిది వాళ్ళు ఆ భాషలోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడకి నా మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా అర్థమయ్యాయి. కూర్చోమని ఎవరూ అనకముందే మెల్లగా కూర్చుంది. నేను చూశాను. చూసి కూడా ఇంకో రెండు వాక్యాలు మాట్లాడాను.

అమ్మ చెప్పిన మాట సాక్ష్యం కిందకి రాదని పెద్దాయన అన్నాడు. అయినా ఒకసారి చూద్దామని మా కార్లలో బ్రేకు ఎప్పుడెప్పుడు తొక్కామో నమోదు చేసే యంత్రం లెక్కలు తెప్పించాడు. ముందు చుట్లన్నిటిలో నా బ్రేకు పడిన చోటూ ఆ చుట్టులో పడిన చోటూ పక్కపక్కనే తెర మీద పెట్టారు. ఇక వాదించడానికేం లేదు. నా ఫలితం కొట్టేశారు. మమ్మీ సంగతికి మందలించి వదిలేశారు. సీటు అతనికి వెళ్ళింది.

ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇంటిదారి పట్టాం. క్యారేజీ తెరవనే లేదు, కోడివేపుడు వాసన కారంతా నిండిపోయింది. టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు మమ్మీ అడిగింది.

"నా వల్లే పోయిందా పాపా నీ సీటు?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క మాట చెప్పుంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. ముందున్న లారీని చూస్తూ "ఔను" అన్నాను. మమ్మీ నమ్మేసింది. అబద్ధం చెప్పడం రానివాళ్ళకి అవతలివాళ్ళ అబద్ధం పట్టుకోవడం కూడా రాదు.

ఆ తర్వాత ఆదివారాల్లో మమ్మీ నా కోసం లేచి నిలబడటం మానేసింది. నా పేరెత్తితే మళ్ళీ నాకేం అడ్డొస్తుందోనని భయం. నేను ఇంకో రెండేళ్ళు చిన్న రేసులు నడిపి ఆపేశాను. ఇప్పుడు కుర్రాళ్ళకి నేర్పుతున్నాను, ఈవెంట్లు చేస్తున్నాను. ఎందుకు మానేశారని అడిగితే నడుం నొప్పి అంటాను.

మమ్మీ ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడటం నేను చాలాకాలం పట్టించుకోలేదు. చర్చివాళ్ళనుకున్నాను. ఒకరోజు ఛార్జర్ కోసం వెళ్తే వినబడింది. "మెడకి వేడినీళ్ళ కాపడం పెట్టావా బేటా?" ఆ కుర్రవాడు. ఆ రేసు తర్వాతి వారం నుంచీ ఆంటీ ఆంటీ అంటూ ఫోన్ చేస్తూనే ఉన్నాడట. నన్ను చూసి మమ్మీ ఫోను చటుక్కున కొంగు కింద పెట్టేసింది. సొంతింట్లో దొంగలా పట్టుబడ్డట్టు నిలబడింది. "వాడే చేశాడు పాపా, నేను చెయ్యలా" అంది. కోపం తెచ్చుకోవడం వచ్చినంత తేలిగ్గా నాకు ఇంకేదీ రాదు, ఆ రోజు అది కూడా రాలేదు.

ఈ చలికాలం అతని రేసు మళ్ళీ అదే ట్రాక్‌లో పడింది. ఆంటీకి పాసు పంపాడు. మమ్మీ ఆ సంగతి రెండు రోజులు దాచి, మూడోరోజు ఉల్లిపాయలు తరుగుతూ, నన్ను చూడకుండా "పోనా?" అని అడిగింది. నేనే తీసుకెళ్ళాను. దారిలో, ఆ సీటు పోయింది నీ వల్ల కాదు మమ్మీ, నా వల్లే, అని చెప్పాను. "పోన్లే పాపా, ఇప్పుడెందుకవన్నీ" అంది. నమ్మినట్టు లేదు. ఏదో మంచితనంకొద్దీ అంటున్నాననుకుంది. ఆవిడ నమ్మింది టోల్‌గేటు దగ్గర నేను చెప్పిన మాటనే. ఇన్నేళ్ళు పాతుకుపోయిన మాట ఒక్క ప్రయాణంలో ఊడిరాదు.

స్టాండ్లో కూర్చున్నాం. అంబులెన్సు వైపు మమ్మీ కన్నెత్తి కూడా చూడలేదు. మెట్ల దగ్గర సెక్యూరిటీ కుర్రాడు కనబడితే పాసు తీసి రెండుసార్లు చూపించింది, వాడు అడక్కుండానే. రేసు మొదలైంది. అతను రెండో స్థానంలో వచ్చాడు. మా ముందు నుంచి పోతూ కారులోంచి చెయ్యెత్తి ఊపాడు, మా వైపే. చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది లేచి ఈలలు వేస్తున్నారు. మమ్మీ నా మోచెయ్యి మెల్లగా తాకింది.

"ఇక్కడ చప్పట్లు కొట్టొచ్చా పాపా? ఏం అనరుగా?"

"కొట్టు మమ్మీ" అన్నాను.

నేను ముందు కొట్టేదాకా ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.